కప్పు పడేదాకా

"గడ్డపార కిందవెట్టు. గీ గోడ మీద ఇంకొక్క దెబ్బ పడ్డదంటె, పిల్లలను తీస్కొని మా అవ్వగారింటికి పోత!"

అనసూర్య వంటింటి గోడకు వీపు ఆనించి నిలబడింది. ఆమె మొగుడు కైలాసం ఎత్తిన గడ్డపార ఎత్తినట్టే ఉంది.

"జానెడు జరుపుతె అయిపాయె గదనే. లేకుంటె ఇంట్ల నిలకడ ఉండదని సాంబయ్యన్న చెప్పిండు."

"దక్షిణం దర్వాజ తూర్పుకు మార్చింది ఎవలు జెప్తె? ఆ సాంబయ్యన్ననే గద! షోలాపూర్ల చూసొచ్చిన్నని రాయమల్లు అంటె కిటికి పెట్టిస్తివి. దొంగలకు దారైతదని ఇంకొకలంటె మూపిస్తివి. మిరుగు వానలకు ఇంక నాలుగొద్దులే ఉన్నది. పైన ఒక్క గూన లేదు!"

నిజమే. చొప్పదండి సాలెవాడలో కైలాసం కట్టుకుంటున్న ఆ ఇంటికి ఇంకా గోడలూ, వాసాలే ఉన్నాయి, పైన గూన పెంకులు పడలేదు. వెనక పందిట్లో ఇద్దరు పిల్లలు, పక్కన విప్పిపెట్టిన మగ్గం. వాన పడితే పిల్లలను ఎవరింట్లోనైనా పడుకోబెట్టవచ్చు. మగ్గం కట్టె తడిసి వంకర తిరిగితే మాత్రం ఆ ఏడాది గంజికి కూడా దిక్కుండదు. ఆ సంగతి కైలాసానికి తెలుసు. పెద్దలు చెప్పింది చేయకపోతే ఇంటికి ఏం చుట్టుకుంటుందో, అదొక్కటే తెలియదు. తెలియనిదానికే మనిషి ఎక్కువ భయపడతాడు.

సుతారి కొమురెల్లి తాపీ కడుక్కుంటూ అన్నాడు. "నేను ఎల్లుండి దాకనే, కైలాసం. బేస్తారం నుంచి గంగాధరల పనికి మాటిచ్చిన. గోడ పలగ్గొడ్తవో, గూనలు కప్పుతవో నువ్వే చెప్పు."

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, కట్టే ఇంటిని చూడటానికి వచ్చేవాళ్ల గురించి మన పెద్దలు ఒక్క మాటా చెప్పలేదు. ఆ వాడలో ఎవరూ ఉత్త నోటితో వచ్చేవాళ్లు కారు. చుట్ట ముట్టించుకుని ఓ సలహా, ఆర్పి చెవి వెనక పెట్టుకుంటూ ఇంకో సలహా.

"సరె. రేపు సాంబయ్యన్న వస్తడు గద. ఇంకొక్కసారి అడిగి అప్పుడు చేద్దాం," అని కైలాసం గడ్డపార దించాడు.

తెల్లారింది. బారెడు పొద్దెక్కినా సాంబయ్య రాలేదు. రాయమల్లూ రాలేదు. తూర్పు దర్వాజకు లోపల మట్టి కుప్ప అడ్డం ఉండటంతో మనుషులందరూ వెనక పందిరి వైపు నుంచే తిరుగుతున్నారు. కైలాసం పైకెక్కి కొమురెల్లికి గూనలు అందిస్తున్నాడు. చేతులు గూనల మీద, కళ్లు వీధి మీద.

"కొమురెల్లన్నా, సాంబయ్యన్న రాకపాయె?"

"రాకుంటె రాకపాయె. గూన అందియ్యి."

మధ్యాహ్నం వీధి మొగలో సాంబయ్య తలపాగా కనబడింది. కైలాసానికి ప్రాణం లేచి వచ్చింది.

"ఓ సాంబయ్యన్నా! జర ఇటు రా, నీతోని పనున్నది!"

సాంబయ్య ఆగాడు. ఇంటి వైపు చూశాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి ఇంటికి దండం పెట్టాడు. వెనుదిరిగి గబగబా వెళ్లిపోయాడు.

కైలాసం చేతిలో గూన జారి కిందపడి పగిలింది.

"నా ఇంటికి దండం పెట్టి పోతుండేందన్నా?"

"ఏమో. ఇంకో గూన అందియ్యి."

కాసేపటికి రాయమల్లు వచ్చాడు. అతను ఆగనైనా లేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఎదుటి గోడను రాసుకుంటూ పోయాడు. గోడ జరపనందుకు అలిగారా? అలిగినవాళ్లు దండం ఎందుకు పెడతారు? ఇంటికి ఏదో పెద్ద దోషమే ఉంది. చెప్పడానికి వాళ్లకు నోరు రావటం లేదు. ఇంత కష్టపడి పిల్లలను తీసుకుపోయి ఏ గండంలో పెడుతున్నాడో!

బుధవారమూ అంతే. వాడ వాడంతా ఆ ఇంటి ముందు నడక తొందర చేసింది. అడ్డు చెప్పేవాడు లేక పని మాత్రం పరుగెత్తింది. పొద్దు వాలకముందే చివరి వరుస గూనలు పడ్డాయి. కైలాసం సంతోషపడటం కూడా మరిచి, నిచ్చెన దిగి, సందు చుట్టి ఇంటి ముందుకు పోయాడు. దోషమేదో కళ్లారా చూసుకుందామని.



కొత్త దర్వాజకు ఈ కొస నుంచి ఆ కొసకు వేపమండలు. గడప ముందర పసుపునీళ్ల చెంబు.

ఇంట్లో ఎవరికైనా తల్లి పోస్తేనే, ఒంటి నిండా అమ్మవారి పొక్కులు లేస్తేనే అలా కడతారు. ఇక ఆ గడప ఎవరూ తొక్కరు. దూరం నుంచే తల్లికి దండం పెట్టుకుని తప్పుకుంటారు. పోయిన ఎండాకాలం ఆ వాడలోనే ఇద్దరు పిల్లలు తల్లి పోసి చనిపోయారు.

కైలాసం పడుతూ లేస్తూ పందిట్లోకి ఉరికాడు. ఈ రెండు రోజులూ పిల్లలు లేవకముందే పైకెక్కాడు, నిన్న వాళ్లు పడుకున్నాకే దిగాడు. ఒక్కసారైనా వాళ్ల ఒళ్లు తాకి చూడని తానూ ఒక తండ్రేనా? పిల్లలు జొన్నరొట్టె తింటున్నారు. వాళ్ల నుదుళ్లు పట్టి చూశాడు, అంగీలు ఎత్తి వీపులు చూశాడు.

"అనసూర్యా! ఎవలకే? ఎవలకొచ్చింది తల్లి? నాకెందుకు చెప్పకపోతివి?"

అనసూర్య తలెత్తి కొత్త కప్పును ఈ చివర నుంచి ఆ చివర దాకా తృప్తిగా చూసుకుంది.

"ఎవలకు రాలే," అంది. "కప్పు పడేదాక ఎవలు రావొద్దని, తల్లికి మొక్కి నేనే కట్టిన."