కెమెరా ఏ పక్కన?

"ఆ కెమెరా వద్దప్పా. దాంట్లో మనుషులు చీమల మాదిరి ఉండారు," అంది లోకేశ్వరి.

వేలూరు బజారులో గోపినాథ్ కెమెరాల అంగడి అది. అద్దాల బల్ల మీద అప్పటికే నాలుగు కెమెరాలు బయటికొచ్చి కూర్చున్నాయి. ఆమె భర్త ఉమాపతి ఒక్కోదాన్నీ ఎత్తి బరువు చూస్తున్నాడు. గుడియాత్తంలో లుంగీల వ్యాపారం ఆయనది. గుడ్డ పట్టుకుంటే నేత చెప్పగలడు గానీ, కెమెరా పట్టుకోవడం ఇదే మొదటిసారి.

"చిన్నదే గానీ గ్రౌండు మొత్తం పడతాదమ్మా," అన్నాడు గోపినాథ్.

"గ్రౌండు నాకేల? నాకు పిల్ల మొహం కావాల."

ఆదివారం వేలూరులో బాలికల సాఫ్ట్‌బాల్ ఫైనల్. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు పోతుంది. పోయిన ఆటను ఉమాపతి ఫోనులోనే తీశాడు. ఎండకు ఫోను పెనం మాదిరి కాలింది. మంచి సమయంలో తిరుపత్తూరు నుంచి ఎవరో లుంగీల కోసం ఫోన్ చేస్తే వీడియో ఆగిపోయింది. తీసిన కాస్తలోనూ ఆట కంటే ఆయన గొంతే ఎక్కువ. "కొట్టు! వదలొద్దు, కొట్టు!" అన్న ఆ అరుపులు విని పిల్ల ఆ పూట అన్నం మాని పడుకుంది.

అందుకే ఈసారి లోకేశ్వరి ముందే చెప్పేసింది. మంచి కెమెరా కొనాలి. దాని దగ్గర ఎవరూ నోరెత్తకూడదు.

గోపినాథ్ ఇంకొకటి తీశాడు. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగి చూపించే రకం. వీధి అవతలి పూలంగడిలో మల్లెమొగ్గలు విడివిడిగా కనిపించాయి. లోకేశ్వరి మొహం వికసించింది.

"ఇది సరిపోతాది," అంది. "యాడ బిగిస్తారు సార్?" అని అడిగాడు గోపినాథ్.

"బ్యాటు పట్టుకునే చోటికి వెనకాల," అన్నాడు ఉమాపతి. "పిల్ల చెయ్యి గిర్రున తిప్పి బంతి వేసేది ఎదురుగా కనబడల్ల."

"ఆడ పెడితే పిల్ల కొట్టేటప్పుడు వీపే గదా కనబడేది!" అంది లోకేశ్వరి. "బంతి వేసేచోటికి వెనకాల, ఆ చివర పెట్టల్ల."

"అప్పుడు వేసేటప్పుడు వీపు."

"కొట్టేటప్పుడు మొహం!"

గోపినాథ్ కళ్లు మెరిశాయి. "రెండు కెమెరాలు తీసుకోండి సార్. పేచీ ఉండదు."

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. "వేసేదీ కొట్టేదీ ఒకే వీడియోలో పడల్ల," అంది లోకేశ్వరి. గోపినాథ్‌కు ఏమీ అర్థం కాలేదు. ఆ ఒక్క కెమెరాకే బిల్లు రాసి, స్తంభానికి బిగించే పట్టీ కూడా ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ మైదానం చేరుకున్నారు. ముందు ఉమాపతి మాట ప్రకారం బ్యాటు వెనకాల మూడుకాళ్ల స్టాండు నిలబెట్టారు. కంచె తీగలు బొమ్మకు అడ్డం పడ్డాయి. కటకాన్ని తీగల సందులో ఆనించేసరికి అవి మాయమయ్యాయి. ఆయన మీసం దువ్వుకునేలోపే వార్మప్‌లో తప్పిన బంతి ఒకటి వచ్చి కంచెకు తగిలింది. స్టాండు వెల్లకిలా పడబోతే గుండెకు హత్తుకుని ఆపాడు.

తర్వాత లోకేశ్వరి మాట ప్రకారం ఆ చివరికి పోయారు. కెమెరా ఎంత దగ్గరికి లాగినా ఎండ తెరలో మొహాలు అలల మాదిరి కదిలాయి.

ఇద్దరూ మైదానం చుట్టూ నడిచారు. బంతి కొట్టిన పిల్ల మొదట పరుగెత్తి చేరే ఫస్ట్ బేస్ పక్కన ఇనుప స్తంభం దగ్గర లోకేశ్వరి ఆగింది. కెమెరా తెరలో చూసింది. ఒక అంచున బంతి వేసే చోటు, ఇంకో అంచున బ్యాటు పట్టే చోటు.

"ఏమయ్యా, ఈడికి రా. ఇద్దరికీ న్యాయం."

ఉమాపతి స్టూలెక్కి తల కంటే ఎత్తులో కెమెరా బిగించాడు. పట్టీ జారుతుందేమోనని లుంగీ అంచు చించి ఇంకో కట్టు కూడా కట్టాడు.

ఆట మొదలైంది. పక్కన వేలూరుకు చెందిన ఒకామె వచ్చి కూర్చుంది. పేరు రాజాంబాళ్ అని తానే చెప్పుకుంది. "మీ పిల్ల ఏ జట్టమ్మా?" అని అడిగింది. లోకేశ్వరి పెదాల మీద వేలు పెట్టుకుని పైన కెమెరా చూపించింది.

ఉమాపతి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. బంతి చెయ్యి దాటితే ఆయన భుజం తిరిగేది. బ్యాటు లేస్తే ఆయన నడుం ఊగేది. గొంతు మాత్రం పెగలనివ్వలేదు.

చివరి ఇన్నింగ్స్. గుడియాత్తం జట్టు ఒక్క పరుగు వెనకపడి ఉంది. ఇద్దరు పిల్లలు బేసుల మీద, ఇద్దరు అప్పటికే ఔట్. ఇంకొకరు ఔటైతే వేలూరుది గెలుపు. గట్టి దెబ్బ ఒకటి పడితే గుడియాత్తానిది.

లోకేశ్వరి భర్త చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు దిగుతున్నా ఆయనకు తెలియలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఠంగ్!

కళ్లు తెరిచేసరికి బంతి అందరి తలల మీదుగా అవతలి కంచెకేసి పోతోంది. ఒక పిల్ల చుట్టు తిరిగి హోమ్ బేస్ చేరింది, పరుగులు సమం. వెనకే రెండో పిల్ల. మైదానంలో సగం మంది గాల్లోకి ఎగిరారు. సగం మంది తల పట్టుకున్నారు.

లోకేశ్వరి పకపకా నవ్వుతోంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. ఉమాపతి తువ్వాలు తీసి ఒక కన్ను తుడుచుకుని, ఇంకో కంటితో నవ్వాడు.

రాజాంబాళ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమమ్మా, మీరు గెలిచినారా, ఓడినారా?"

"రెండూనక్కా," అంది లోకేశ్వరి.

అక్కడ మైదానం మధ్యలో, గుడియాత్తం జట్టుకు ఆ దెబ్బ కొట్టిన చిన్నకూతురు మీనాను, మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటూ వేలూరు జట్టుకు ఆ బంతి వేసిన పెద్దకూతురు మోనిష నడుం పట్టి ఎత్తుకుని గిరగిరా తిప్పుతోంది.