గొలుసు కొక్కెం

“నన్ను చూడ్డానికే మీ అమ్మ పెళ్లికి ముందు మన చిలకలపూడి కొట్టుకి మూడుసార్లు వచ్చింది,” అన్నాను మా అమ్మాయితో.

“బాగుంది సంబడం! ఒక్కసారే వచ్చాను. అదీ గొలుసు కొక్కెం విరిగితే మార్పించుకుందామని,” అంది నాగశ్రీ చిక్కుడుకాయలు ఒలుస్తూ.

మెడిసిన్ చదివే యశస్విని నవ్వింది. “నాన్నా, ఈ కథ ఎంతమందికి చెప్పుంటావు?”

“పాతికేళ్లుగా కొట్టుకి వచ్చిన ప్రతి బేరానికీ.”

“అమ్మా, నువ్వు?”

“ఒక్కరికీ చెప్పలేదు.”

“అయితే అమ్మ మాటే నిజమయ్యుంటుంది. జ్ఞాపకమంటే మెదడు కణాల మధ్య పడిన అతుకు నాన్నా. గుర్తు చేసుకున్నప్పుడల్లా అది కాస్త వదులై, కొత్త ప్రొటీన్లతో మళ్లీ బిగుసుకుంటుంది. ఆ సందులో జరగనిది కూడా కలిసిపోవచ్చు.”

నేను గిల్టు నగల వ్యాపారిని. ఎక్కువ చేతులు మారిన గొలుసుకే ముందు మెరుగు పోతుందని నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

“సరే, నన్ను చూడ్డానికి కాదు. కొక్కెం కోసమే వచ్చింది,” అన్నాను. పాతికేళ్ల గొప్ప అంతటితో పోయింది.

నాగశ్రీ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది.

“వచ్చింది ఒక్కసారేనండీ. కానీ ఆ కొక్కెం దానంతట అది విరగలేదు. మీ కొట్టు మెట్ల మీద నిలబడి నేనే విరిచాను.”