గరిట ముట్టనన్న ఒట్టు

"నాలుగు రోజులు గరిట ముట్టకు, ఎవరో వండితే కూర్చుని తిను" అని ఒట్టు వేయించుకుని మరీ నా కూతురు నన్నొక్కదాన్నే ఈ ఊరు పంపింది. ముప్పై ఏళ్లుగా హాస్టల్లో వండుతున్నదాన్ని. మూడు రోజులుగా బజారంతా తిరిగి తింటున్నా. ఒక్క ముద్దా సయించలేదు. ఒకచోట ఒట్టి ఉప్పు, ఇంకోచోట మాడు కంపు.

ఇవాళ ఒక తోపుడుబండి దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. బండామె నూనె కాగకముందే ఉల్లిపాయలు పడేసింది, అదీ ఎడమచేత్తో. నాకు ఒళ్లు మండిపోయింది.

"కాగనివ్వమ్మా తల్లీ! ఆ కలపడమేంటి, వాకిలి ఊడ్చినట్టు?"

నా భాష ఆమెకు రాదు, ఆమె భాష నాకు రాదు. ఏదో గొణిగి మళ్లీ అలాగే కలిపింది. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారు. ఇక ఉండబట్టలేక లేచి గరిట లాక్కున్నాను.

తిడుతుందనుకున్నా. ఆమె నా స్టూలు మీద కూలబడి, యాప్రాన్ చాటు నుంచి కుడిచెయ్యి బయటికి తీసింది. వేళ్ల నుంచి మణికట్టు దాకా కట్టు.

నూనె ఎందుకు కాగనివ్వలేదో అప్పుడర్థమైంది. నా మోచేతి మీదా ఉంది, కాగిన నూనె చిందిన మచ్చ. అది మానాక కూడా నెల రోజులు మూకుడు చూస్తే వణికేదాన్ని.

ఫోన్ మోగింది. కూతురు.

"అమ్మా, హాయిగా కూర్చుని తింటున్నావా?"

"ఉండవే, నూనె కాగింది. రేపు కూడా ఈ వేళకి ఫోన్ చెయ్యకు."