అడుగున పడుకున్నవాళ్లు

"చలికాలంలో ఈ అఖాతంలో ఆ ఎర్రపురుగు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇది నా మాట కాదండీ, ఈ మేడమ్‌గారు వేసిన వలే చెప్పింది," అన్నాడు కరెంటు కంపెనీ ఇంజనీరు బహిరంగ విచారణలో మైకు పట్టుకుని, ఎంతో మర్యాదగా.

వెంటనే మైకు మీద అరచెయ్యి మూసి పక్క కుర్చీవైపు వంగాడు. "అయిపోయింది మరదలా. సాయంత్రం ఇంటికి రా, మీ అక్క చేత టీ పెట్టిస్తాను."

సముద్రజీవుల పరిశోధకురాలైన మరదలికి ఒళ్లు మండింది. అఖాతంలోకి వేడినీళ్లు వదిలే కంపెనీ గొట్టానికి ఈ పూట విచారణ అధికారిణి సంతకం పడితే, ఆమె ఇన్నేళ్లుగా ప్రాణంలా చూసుకుంటున్న ఆ జీవులకి నూకలు చెల్లినట్టే. ఈయనకి వేళాకోళంగా ఉంది.

"లేనివాటి కోసం గొట్టం ఎందుకు ఆపాలమ్మా?" అంది అధికారిణి, కలం మూత తీస్తూ.

"ఉన్నాయండీ. నా వల అందినంత లోతులో లేవు, అంతే. రొయ్యలకి దూరపు చుట్టాలివి. వసంతంలో పైన తల్లులుంటాయి, వేసవిలో ఎటు చూసినా పిల్లలే. చలి మొదలయ్యేసరికి ముసలివి పోతాయి. మిగిలేది ఇంకో మెట్టెక్కితే పెద్దవయ్యే ఈడువే. బియ్యపు గింజంత ఒంట్లో నూనె దాచుకుని, తిండీ తిప్పలూ లేకుండా అడుగున పడుకుంటాయి. ఆ పడకలో వేడినీళ్లు పోస్తే, మేత దొరకని కాలంలో లేచి చస్తాయి. వాటిని తినే చేపలకీ అంతే సంగతులు."

"అడుగుదాకా వల వేసి చూపించలేకపోయారా?"

"మా తాడు అంత పొడుగు లేదండీ. కొత్తది అడుగుతూనే ఉన్నాం."

హాలంతా గొల్లున నవ్వింది. ఇంజనీరు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "అడుగు సంగతి మమ్మల్నడగండి. యంత్రాల్ని చల్లబరిచే నీళ్ల కోసం పొద్దుటి నుంచీ అక్కణ్ణించే తోడుతున్నాం. కొత్త పంపు. అద్దంలాంటి నీళ్లు." మళ్లీ అరచెయ్యి మూశాడు. "పడుకున్నవాళ్లెవరూ లేరు మరదలా. కనీసం దుప్పటి కూడా దొరకలేదు."

అతని జేబులో ఫోను మోగింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది. విసుక్కుంటూ వరండాలోకి వెళ్లాడు.

"ఒక్క వారం గడువివ్వండి," అందామె.

"వారంలో తాడు పెరుగుతుందా అమ్మా?"

ఆమెకి ఏడుపొచ్చేసింది. బావ ముందు ఏడిస్తే జన్మంతా దెప్పుతాడని పళ్లు బిగించుకుంది. అధికారిణి కాగితం ముందుకి జరుపుకుంది.

ఇంజనీరు తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అలవాటుగా మరదలివైపు వంగాడు గానీ, మైకు మీద ఉండాల్సిన చెయ్యి నుదుటి చెమట తుడుచుకునే పనిలో పడింది.

"మరదలా, పంపు ఆగిపోయింది," అన్నాడు గొంతు తగ్గించి. "జాలీకి ఎర్రగా ఏదో ముద్దలా పట్టేసిందట. చూస్తే బియ్యపు గింజలంతవి, బస్తాలకొద్దీ ఉన్నాయట. ముట్టుకుంటే చేతికి నూనె. నీ వాళ్లు ఎప్పుడు నిద్ర లేస్తారే?"

అధికారిణి కలానికి మూత పెట్టేసింది.

మరదలు మైకుని బావ నోటి దగ్గరికి ఇంకాస్త జరిపింది. "మళ్లీ చెప్పండి బావా, వెనక వరసలో వాళ్లకి వినపడలేదట."