రెండు సీసాలు

"నువ్వు మాత్రలు మింగడం లేదని నాకు తెలుసులేవే," అన్నాడు కోచ్ అంకమ్మరావు, గుంటూరు స్టేడియం మెట్ల మీద కూర్చుంటూ. "నాలుక కింద పెట్టుకుంటావు. నేనటు తిరగ్గానే చేతులకి రాసుకునే చాక్ పౌడర్ డబ్బాలో దాస్తావు. అవునా?"

హీనా చేతిలోని డబ్బాను ఒళ్ళోకి లాక్కుంది.

"భయపడకు. ఇవాళ నాకు నీతోనే పని."

మధ్యాహ్నం అమ్మాయిల వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు. గెలిచినవాళ్ళు రాష్ట్ర జట్టుకి వెళతారు. ఈసారి డోపింగ్ పరీక్ష చేసేవాళ్ళు వస్తున్నారని అంకమ్మరావుకి పొద్దున్నే కబురందింది. పిడుగురాళ్లలో తన జిమ్‌కి వచ్చే అమ్మాయిలకి ఆయన 'విటమిన్లు' పంచుతుంటాడు. అందరికన్నా ఎక్కువ మింగేది నాజియా, ఎక్కువ బరువు ఎత్తేదీ ఆమే.

"నీ యూరిన్ ఒక చిన్న సీసాలో పట్టి నాజియాకివ్వు. అది నడుముకి దోపుకుని లోపలికెళ్ళి, వాళ్ళిచ్చిన సీసాలో పోసేస్తుంది. పరీక్ష చేసే మేడమ్ బాత్‌రూం తలుపు దాకే వస్తుంది. ఆ ఏర్పాటు నేను చూసుకున్నా."

"పట్టుకుంటే సార్?"

"పట్టుకుంటే నాలుగేళ్ళు పోటీల్లో బార్ ముట్టుకోనివ్వరు. ఎలా పట్టుకుంటారే? నీ ఒంట్లో ఏమీ లేదుగా! దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నువ్వు కాదంటే బయట ఏ అమ్మాయినో తెచ్చుకుంటాను, నాకేం కొరత?"

తెచ్చుకుంటాడని హీనాకి తెలుసు. వేసవిలో ఆమె వెయిట్‌లిఫ్టింగ్ సంఘం కార్యదర్శి దగ్గరికెళ్ళి మాత్రల సంగతి చెప్పింది. "ఆధారం ఉందా అమ్మా?" అన్నాడాయన. ఆ సాయంత్రానికే అంకమ్మరావు చెవిన పడింది. డబ్బా చూపిస్తే, ఎక్కడో కొనుక్కొచ్చి తన మీద వేస్తోందన్నాడు. జిమ్‌లో అందరూ నమ్మారు. నాజియా అయితే నెల రోజులు మాట్లాడటం మానేసింది.

ఆ నాజియాయే మొన్న బార్ వదిలేసి, గుండె పట్టుకుని కూలబడింది. ఈ పిల్ల ఏం మింగుతోందో గానీ వెంటనే ఆపకపోతే దక్కదని డాక్టరు వాళ్ళమ్మ జోహరాబీకి మొహం మీదే చెప్పాడు. నాజియా వింటేగా! "స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం రానీవే, అప్పుడు ఆపేస్తా" అంది నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుంటే హీనాకి ఇప్పటికీ ఏడుపొస్తుంది.

"సరే సార్," అంది హీనా లేచి. "రాష్ట్ర జట్టులో నా పేరు ఉంటుందిగా?"

అంకమ్మరావు పకపకా నవ్వాడు. "అద్దీ! ఇన్నాళ్ళకి దారికొచ్చావు. ఉంటుంది పో."

హీనా బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి డబ్బా మూత తీసింది. మళ్ళీ పెట్టేసి, ఒక సీసా నీళ్ళు గటగటా తాగింది. రెండోది తాగుతుండగా నాజియా వచ్చింది.

"అన్ని నీళ్ళేంటే?"

"ఇద్దరికీ సరిపోవాలిగా."

నాజియా మంచి ఖుషీలో ఉంది. "నువ్వేదో పెద్ద నీతిమంతురాలివనుకున్నానే!"

"నేనూ అలాగే అనుకున్నా," అంది హీనా, ఆమె మొహం చూడకుండా.

పోటీలో నాజియా ఎప్పటిలాగే గెలిచింది. హీనా మాత్రం ఇంక మళ్ళీ బార్ దొరకదేమో అన్నట్టు ఎత్తింది. పైకెత్తిన బరువు దించడానికి కూడా మనసొప్పనట్టు అలాగే నిలబడితే, "ఇక చాల్లేవే!" అని అంకమ్మరావే అరవాల్సి వచ్చింది. సాయంత్రం ఆయన చెప్పినట్టే పని జరిగిపోయింది. నాజియా పేరున్న సీసా, హీనా పేరున్న సీసా సీలు వేసుకుని పెట్టెలోకెళ్ళాయి.

కొన్ని వారాలకి తాడేపల్లిలోని సంఘం ఆఫీసుకి రమ్మని ముగ్గురికీ పిలుపొచ్చింది. జట్టు ప్రకటిస్తారనుకుని అంకమ్మరావు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బల్లకి అవతల డోపింగ్ విచారణాధికారి బిందుమాధవి, ఆమె పక్కన సంఘం కార్యదర్శి కూర్చున్నారు.

"నాజియా శాంపిల్‌లో నిషేధించిన మందు దొరికింది," అంది బిందుమాధవి.

"తప్పు మేడమ్!" అంకమ్మరావు కుర్చీలోంచి లేచిపోయాడు. "ల్యాబువాళ్ళు ఎక్కడో తారుమారు చేశారు. ఆ సీసాలో మందుండే అవకాశమే లేదు!"

"అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?"

"అది నాజియాది కాదు, హీనా..." అని నాలుక్కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. తేలు కుట్టిన దొంగలా కార్యదర్శి తల దించుకున్నాడు.

హీనా లేచి నిలబడింది. "నాదే మేడమ్. పోయించింది ఈయన. ఈయనిచ్చిన మాత్రలన్నీ ఇందులో ఉన్నాయి. ఇవీ, ఆ సీసాలో దొరికిందీ ఒకటేనేమో ల్యాబులో చూపించండి." డబ్బాను బల్ల మీద పెట్టింది.

నాజియా ఏడుపు మొదలెట్టింది. హీనా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది, వదిలించుకోబోయినా వదల్లేదు.

"నీ సీసాలోనూ అదే మందు దొరికిందమ్మా," అంది బిందుమాధవి. "నీకూ నాలుగేళ్ళ నిషేధం పడుతుంది."

"తెలుసు మేడమ్."

"అది ఏనాడూ ఒక్క మాత్ర మింగలేదు!" అంకమ్మరావు గొంతు కీచుమంది. "మరి దాని ఒంట్లోకి మందెలా వచ్చింది?"

హీనా మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆ పొద్దున ఒకటి మింగాను సార్."