మూడు దారుల తల్లి

మనవరాలు భావనకి మూడు రోజులుగా జ్వరం. అమావాస్య రాత్రి ఎర్రన్నంతో దిష్టి తీసి, ఆ ముద్ద పట్టుకుని లండన్ హారోలో మా ఇంటి వెనక మూడు దారులు కలిసేచోటికి వెళ్లాను. అప్పటికే అక్కడో పళ్లెంలో గుడ్లు, వెల్లుల్లి ఉన్నాయి. పక్కింటి గ్రీకు ముసలమ్మ ఎలేనీ పనే. వాళ్ల మూడు మొహాల దేవత హెకటీకి అమావాస్యకి అలా పెడతారట. పెట్టాక వెనక్కి చూడకూడదట, అచ్చం మనలాగే.

ముద్ద పక్కన పెట్టి వచ్చేస్తుంటే వెనక నములుతున్న చప్పుడు. నేనా తిరిగి చూసేది? పెళ్లికొడుకునై ఉండీ పెళ్లిచూపుల్లోనే తలెత్తలేదు!

గుమ్మంలో కోడలు బిందుమాధవి, "జ్వరం దిగింది మామయ్యా!" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీ వెనక ఆ ముగ్గురు ఆడవాళ్లెవరు?"

నేనింకా తిరగలేదు.

"తలుపెయ్యమ్మా. వాళ్లకి కడుపు నిండినట్టుంది."