దస్తీ వేసిన సీటు

సత్తెమ్మ మంచి ధర వచ్చాక అమ్ముదామని గోదాములో దాచుకున్న ఐదు బస్తాల కందుల మీద తోమా కన్ను పడి వారమైంది. ఎత్తుకుపోవడం పెద్ద పని కాదు. ఎత్తుకుపోయిన వేళకు తాను ఆఫీసులోనే ఉన్నానని చూపించడమే పని.

నారాయణఖేడ్‌లో తాహెర్ సేటు గోదాముకు తోమా గుమాస్తా. అక్కడ ఒక్కో రైతు సరుకుకు కంప్యూటరులో ఒక్కో పేజీ ఉంటుంది. ఆఫీసులో ఒక కంప్యూటరు, గేటు దగ్గర మరొకటి. నెల కిందట రెండింటిలోనూ ఒకే రైతు పేజీని ఒకేసారి తెరిచారు. ఇద్దరూ చెరో అంకె వేస్తే, ముందు వేసింది మాయమైంది. అందుకని సేటు ఎదురింటి రమ్యశ్రీకి చెప్పి పేజీలకు తాళం పెట్టించాడు. ఆ అమ్మాయి ఇంట్లో కూర్చునే ఏదో కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది.

“బస్సుల సీటు ఆపుకోనీకి కిటికీలకెళ్లి దస్తీ ఏస్తం సూడు తోమన్నా, గట్లనే,” అని ఆమె తోమాకు విడమరిచింది. “నువ్వు తెరిచిన పేజీ నీది. ఇంకొకలు ముట్టలేరు. ఐదు నిమిషాలు ఏ మీట నొక్కకుంటే మాత్రం దస్తీ ఎగిరిపోతది.”

ఎవరి దస్తీ ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉందో కంప్యూటరే రాసి పెట్టుకుంటుందట.

“నొక్కేది నేనే అని దానికెట్ల తెలుస్తది?”

“నీ పేరుతోని తెరిస్తే నువ్వే.”

ఆ జవాబు తోమాకు బాగా నచ్చింది.

రమ్యశ్రీ గురువారమంతా రెండు కంప్యూటర్ల మధ్య తిరిగి పరీక్షించింది. ఒకరు పేజీ పట్టుకుని ఉంటే రెండోవారికి దొరక్కూడదు, అంతే పరీక్ష. గంటల తరబడి పట్టుకుంటే ఏమవుతుందో సోమవారం చూస్తానని వెళ్లిపోయింది.

తోమా శుక్రవారం ఎంచుకున్నాడు. సేటు జుమ్మా నమాజుకు పోయి, ఇంట్లో తిని, ఓ కునుకు తీసి నాలుగింటికి గానీ రాడు. కాపలా ఈరయ్య సందు వైపు గేటు వదలడు. వెనక షట్టరు చేల వైపు ఉంది. దాని తాళంచెవి ఈరయ్య మొలతాడుకే వేలాడుతుంది. మారు తాళంచెవి తోమా జేబులో ఉంది.

సరిగ్గా రెండింటికి తోమా కల్హేర్ రైతుదొక పేజీ తెరిచాడు. టేబుల్ ఫ్యానును అటూ ఇటూ తిరిగేలా పెట్టి, దాని జాలీకి దారం కట్టి, దారం కొసకు చెమ్చా వేలాడదీశాడు. ఫ్యాను తల తిప్పినప్పుడల్లా చెమ్చా లేచి, బాణం గుర్తున్న మీట మీద పడుతోంది. పేజీలో ఒక్క అక్షరం మారడం లేదు. బజారు వైపు తలుపు దగ్గరకు వేశాడు గానీ తాళం వేయలేదు. బయట తాళం ఉంటే లోపల మనిషి లేనట్టే కదా.

తలకు తువ్వాల చుట్టుకుని, బావమరిది ట్రాలీ ఆటోలో బస్తాలు కల్హేర్ చేర్చి నాలుగింటికల్లా వచ్చేశాడు. చెమ్చా కొడుతూనే ఉంది. దారం విప్పేసి, చెమ్చా కడిగి చాయ్ గ్లాసులో పెట్టాడు.

శనివారం పొద్దున సత్తెమ్మ కందులు అమ్ముకోవడానికి తీసుకుపోదామని నాగల్‌గిద్ద నుంచి ఆటో కట్టుకుని వచ్చింది. బస్తాలున్న చోట ఐదు చదరపు మరకలున్నాయి. ఆమె ఆ మరకల పక్కనే కూర్చుండిపోయింది. నిన్న రెండుంబావుకు షట్టరు దగ్గర ట్రాలీ ఆటో చూశానని వెనక చేలో కలుపు తీసే రిబ్కమ్మ చెప్పింది.

సేటు ఈరయ్య మొలతాడు వంక చూశాడు.

“నేను గేటు ఇడువలే సేటూ,” అన్నాడు ఈరయ్య. “రెండూ పదికి కరెంటు పాయె. మూడున్నర దాంక రాలే. ఉడుకకు బయటనే స్టూలేసుకొని కూసున్న.”

తోమా చూపు టేబుల్ ఫ్యాను మీదికి పోయింది. గోదాములో ఇన్వర్టరు కంప్యూటర్లకే. ఫ్యానుకు లేదు. ఫ్యాను ఆగితే చెమ్చా ఆగినట్టే. ఐదు నిమిషాలకు దస్తీ ఎగిరిపోయినట్టే.

సేటు కంప్యూటరు ముందు కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, పైకి చదివాడు. తోమా, రెండింటి నుంచి నాలుగింటి దాకా. మధ్యలో ఎక్కడా తెగలేదు.

తోమా మెల్లగా మొహం తుడుచుకున్నాడు. అంటే ఆ పిల్ల పెట్టిన ఐదు నిమిషాల నియమం పనిచేయడం లేదన్నమాట. ఆ లోపం గురించి ఎవరికీ చెప్పదలచుకోలేదు.

మొలతాడు నుంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టమన్నాడు సేటు. ఈరయ్య ఎంత లాగినా ముడి ఊడిరాలేదు. పోలీసులకు ఫోను చేసే ముందు ఒకమాట అడగాలని సేటు రమ్యశ్రీని పిలిపించాడు.

“మీట నొక్కకుంటే దస్తీ నిజంగనే పోతదా బేటా?”

“ఐదు నిమిషాలకు పక్కా పోతది చాచా.”

“అంటే నిన్న తోమా కుర్చీ దిగలేదు.”

రమ్యశ్రీ తోమా వంక చూసి, మెచ్చుకోలుగా నవ్వింది.

“తోమన్న కుర్చీల ఎక్కడున్నడు చాచా, నా సోమవారం టెస్టు కోసమని ఫ్యానుకు చెమ్చా కట్టి పోయిండు, మా ఇంట్ల కరెంటు పోతే ఇక్కడ ఇన్వర్టరుందని వచ్చి, ఆగిన చెమ్చా చూసి, మూడున్నర దాంక ఆ కుర్చీల కూసొని మీట నొక్కింది నేను.”